సంతోషపు లెక్క

సంతోషమును గురించి వేదాంతులు చెప్పుచుండినంత కాలము దానికి కొలతలు లేవు. మనశ్శాస్త్రజ్ఞులు చేపట్టిన పిమ్మట కొలతలు వచ్చినవి. మార్టిన్ సెలిగ్మన్ అను నాచార్యుడు 1998వ సంవత్సరమున అమెరికా మనశ్శాస్త్ర సంఘమునకు అధ్యక్షుడై, ఈ శాస్త్రము చిరకాలముగా దుఃఖమును, భయమును, మతిభ్రమణమును మాత్రమే పరిశీలించుచున్నదనియు, ఇకమీదట ధైర్యమును, కృతజ్ఞతను, స్నేహమును గూడ పరిశీలింపవలెననియు ప్రబోధించెను. అట్లు బయలుదేరిన శాఖకే పాజిటివ్ సైకాలజీ యని పేరు. దాని గ్రంథములు నేడు మన యిండ్ల యలమరలలోనికిని వచ్చినవి గావున వాని గుణదోషములను కొంత విచారింప దలచితిమి.

ఉద్దేశము మంచిదే. రోగిని చూచు వైద్యుడు ఆరోగ్యవంతుని శరీరమును గూడ నెరిగియుండవలెను గదా. బార్బరా ఫ్రెడ్రిక్సన్ అను విదుషీమణి 1998లో ప్రకటించిన సిద్ధాంతము మాకు మిక్కిలి నచ్చినది. భయము మనస్సును ఒక్కచోటికి కుదించును. పాము కనబడినవానికి పరుగు తప్ప వేరొకటి తోచదు. సంతోషము, కుతూహలము, ప్రేమ యనునవి మనస్సును విప్పార్చి, అప్పటికి పనిలేనట్లు కనబడినను మున్ముందు అక్కరకు వచ్చు నేర్పును, చెలిమిని సమకూర్చిపెట్టును. పిల్లల యాటలను నిదానించి చూచిన తల్లులు దీనిని కాదనరు.

అంతటితో నిలిచిన బాగుండెడిది. 2005లో నామెయు, మార్సియల్ లోసాడా యను నతడును గలిసి ఒక వ్యాసమును ప్రకటించిరి. మనుష్యుడు వర్ధిల్లవలెనన్న ఒక్కొక్క యప్రియభావమునకు 2.9013 ప్రియభావములకంటె తక్కువ కాకుండ ఉండవలెనట! దశాంశ బిందువు తరువాత నాలుగు స్థానములు. బంగారపు టంగడిలోని త్రాసు గూడ మూడు స్థానములతో తృప్తి పడును. ఈ యంకె యెక్కడిదని విచారింపగా, 1963లో లోరెంజ్ అను వాతావరణ శాస్త్రజ్ఞుడు, క్రింద వేడి తగిలినప్పుడు ద్రవము సుడులు తిరుగు తీరును తెలుపుటకై కూర్చిన సమీకరణములనుండి వచ్చినదని తేలినది. కాగు నీటికిని, కార్యాలయపు సమావేశములో ఉద్యోగులాడు మాటలకును ఒకే గణితము చెల్లునని యెట్లు తెలిసినదో ఆ వ్యాసమున సరియైన సమాధానము లేదు.

దానిని పట్టుకొన్నవాడు మహాపండితుడు కాడు. లండనులో ఈ శాస్త్రమునే పట్టమునకై చదువుకొనుచుండిన నికొలస్ బ్రౌన్ అను నడివయస్సు విద్యార్థి. అతడు అలన్ సోకాల్ అను భౌతికశాస్త్రజ్ఞునితోను, హారిస్ ఫ్రీడ్మన్ అను మనశ్శాస్త్రజ్ఞునితోను గలిసి 2013లో ఖండనము వ్రాసెను. ఆ పత్రికవారు వ్యాసములోని గణితభాగమును ఉపసంహరించిరి. అప్రియములకంటె ప్రియములు మిక్కుటముగా నుండుట మేలని ఫ్రెడ్రిక్సన్ ఇప్పటికిని వాదించుచున్నది; అందుకు మాకును అభ్యంతరము లేదు. కాని ఆ సంగతి మన ముత్తవ్వలకు సమీకరణములు లేకయే తెలియును.

ఈ 2.9013 నవ్వి విడువదగినది. నవ్వుటకు వీలులేని యంకె మరియొకటి కలదు. సోంజా ల్యుబోమిర్స్కీ, కెన్నన్ షెల్డన్, డేవిడ్ ష్కేడ్ అనువారు 2005లో మనుష్యుల సంతోషమునందలి భేదములకు జన్మతో వచ్చినది నూటికి 50, తాను బుద్ధిపూర్వకముగా చేయు పనులు 40, స్థితిగతులు 10 కారణమని అంచనా వేసిరి. తరువాతి పుస్తకములు దీనిని గుండ్రని పటముగా గీసి ఊరూర ప్రచారము చేసినవి. స్థితిగతులనగా ధనము, ఉద్యోగము, వివాహము, ఆరోగ్యము, నివసించు చోటు. ఇన్నియు గలిసి పదియవ వంతేనట!

ఇందలి పొరపాటును చదువరులు గమనింపవలెను. ఆ యంకెలు ఒక్క మనుష్యుని సంతోషములోని పాళ్లు కావు. పలువురి నడుమ గల తేడాలకు కారణముల పాళ్లు. ఒక యూరిలో అందరును ఒకే నూతి నీరు త్రాగుచుండిన, వారి ఆరోగ్యములలోని తేడాలకు నీరు కారణము కానేరదు. అంతమాత్రమున నీరు ఆరోగ్యమునకు అక్కరలేనిదగునా? స్థితిగతులు ఇంచుమించు సమానముగా నున్న జనులను చూచి కట్టిన లెక్క, త్రాగుబోతు భర్తచేత దెబ్బలు తినుచున్న ఇల్లాలికిని, జీతము ముట్టక మూడు నెలలైన పనిమనిషికిని ఎట్లు వర్తించును? తుదకు 2019లో షెల్డన్, ల్యుబోమిర్స్కీలే ఈ పటమునకు వచ్చిన యాక్షేపణములను పరిశీలించి, నలువది యనునది అధికపు టంచనా కావచ్చునని యొప్పుకొనిరి. ఆ యొప్పుకోలు పటమువలె ఊరూర తిరుగలేదు.

దీనివలన కలుగు హాని చిన్నది కాదు. నలువది పాళ్లు నీ చేతిలోనే యున్నవని చెప్పినప్పుడు, దుఃఖించువారికి దుఃఖముతోపాటు తప్పును గూడ అంటగట్టినట్లగును. 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించినప్పుడు బాలవితంతువు స్థితినే మార్చబూనిరి గాని, ప్రతిదినము మూడు మంచి సంగతులు వ్రాసికొని యూరడిల్లుమని చెప్పలేదు. అట్లు వ్రాసికొనుట కొందరికి మేలు చేయునని సెలిగ్మన్ ప్రభృతులు 2005లో చూపిరి, నిజమే. మేలు చేయనిండు. అది సంస్కరణమునకు బదులు కారాదని మాత్రమే మేము చెప్పునది.

ఈ వాఙ్మయములో మేము చదువదగినదనుకొన్న గ్రంథము రాబర్ట్ వాల్డింగర్, మార్క్ షుల్ట్స్ గార్లు 2023లో వెలువరించిన ‘ది గుడ్ లైఫ్’. హార్వర్డులో 1938లో మొదలైన పరిశోధనము దీనికి ఆధారము. 268 మంది కళాశాల విద్యార్థులను, బోస్టను నగరపు పేదవాడలలోని 456 మంది బాలురను ఎన్నుకొని, వారి జీవితములను ముసలితనము వరకు, మరణము వరకు విడువక చూచిరి. ఏబదవ యేట తన బంధుమిత్రులతో తృప్తిగా నుండినవాడు ఎనుబదవ యేట ఆరోగ్యముగా నుండుట యెక్కువ యని తేలినది; ఈ విషయమున నెత్తురులోని కొవ్వుకంటె స్నేహమే మంచి సూచిక యైనది. ఆరోగ్యవంతునికే స్నేహితులు నిలుతురేమో యని యడుగవచ్చును, అడుగవలెను గూడ. అయినను ఇన్నేండ్ల యోపికకు తలవంచవలసినదే.

ఒక్క మాట మాత్రము మా మనస్సున ముల్లువలె నున్నది. ఆ 724 మందియు పురుషులే. సంసారము సుఖముగా నున్నదా యని దశాబ్దముల తరబడి వారినే ప్రధానముగా నడిగిరి. భార్యలను గూడ పరిశోధనములో పూర్తిగా చేర్చుకొన్నది 2000వ సంవత్సరము దాటిన తరువాతనే. వారిలో కొందరు అప్పటికే కాలధర్మము నొంది యుందురు. అదే యింటిలో వారు గడపిన సంసారమును గూర్చి వారేమి చెప్పియుండెడివారో, ఆ కాగితములలో వెదకినను దొరకదు.