కొట్టడం వేరు, కొట్టించడం వేరు

టోనీ గ్విన్ 2001లో బ్యాట్ పక్కన పెట్టేనాటికి అతని ఖాతాలో 3,141 హిట్లు, ఎనిమిది నేషనల్ లీగ్ బ్యాటింగ్ టైటిళ్లు ఉన్నాయి. 20 సీజన్లూ శాన్ డియాగో పాడ్రెస్ జట్టుకే ఆడాడు. మరుసటి ఏడు తాను చదువుకున్న శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి, బేస్‌బాల్ జట్టుకు జీతం లేని సహాయక కోచ్‌గా చేరాడు. ఆ జట్టు ఆడే మైదానానికి 1997 నుంచీ అతని పేరే ఉంది. గేటు మీద తన పేరున్న చోట ఊరికే పనిచేయడానికి ఒప్పుకున్నాడంటే ఆ పని మీద ఎంత మనసో తెలుస్తుంది. 2003 సీజన్‌కు పాత కోచ్ జిమ్ డీట్జ్ స్థానంలో ప్రధాన కోచ్ అయ్యాడు. 2014లో చనిపోయేదాకా ఆ కుర్చీ వదల్లేదు.

నేర్పాల్సిన విద్య ఎంత కష్టమైందో క్రికెట్ తెలిసినవారికి కొలతలతో చెబితే త్వరగా బోధపడుతుంది. పిచ్చర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. క్రికెట్ పిచ్ కంటే అయిదున్నర అడుగులు తక్కువ. బంతి నేలను తాకదు, గాలిలోనే వంకర్లు తిరుగుతూ వస్తుంది. గంటకు 90 మైళ్ల వేగంతో వేస్తే చేతిలోంచి వదిలాక బ్యాటర్ ముందుకు చేరడానికి పట్టేది సుమారు 0.4 సెకన్లు. క్రికెట్ బ్యాట్ వెడల్పు నాలుగుంబావు అంగుళాలు, ముఖం చదును. బేస్‌బాల్ బ్యాట్ గుండ్రటి కర్ర, బాగా లావుగా ఉన్నచోట కూడా అడ్డుకొలత రెండున్నర అంగుళాల పైచిలుకే. గుండ్రటి కర్రతో గుండ్రటి బంతిని నట్టనడుమ తాకించాలి. వెంట్రుకవాసి కిందికి తగిలితే బంతి గాలిలోకి లేచి క్యాచ్ అవుతుంది, పైకి తగిలితే నేల మీద దొర్లి ఫీల్డర్ చేతిలో పడుతుంది. డిఫెన్స్ ఆడి బతికి బయటపడదామంటే కుదరదు. కొట్టబోయి తప్పినా, కొట్టాల్సిన బంతిని వదిలేసినా స్ట్రైక్; మూడు స్ట్రైకులు పడితే ఔటే. అందుకే ఈ ఆటలో పదిసార్లు ప్రయత్నించి మూడుసార్లు హిట్ సాధించినవాణ్ని, అంటే బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరినవాణ్ని, మేటి అంటారు. గ్విన్ జీవితకాల సగటు .338, అంటే వెయ్యికి 338.

అంతకంటే అరుదైన అంకె మరొకటి ఉంది. 10 వేలకు పైగా సార్లు బ్యాటింగ్‌కు దిగిన గ్విన్ స్ట్రైక్‌ఔట్ అయింది 434 సార్లే. ఆ తరంలో బ్యాటర్లను తికమక పెట్టడంలో గ్రెగ్ మ్యాడక్స్‌ను మించిన పిచ్చర్ లేడంటారు. అతన్ని గ్విన్ 107 సార్లు ఎదుర్కొని ఒక్కసారి కూడా స్ట్రైక్‌ఔట్ కాలేదు. ఇది చూపు, చేయి కలిసి చేసే పని. ఇందులో పుట్టుకతో వచ్చింది ఎంత, సాధనతో వచ్చింది ఎంత అన్నదే కోచింగ్‌లో అసలు చిక్కు. పుట్టుకతో వచ్చినదాన్ని ఎవరూ ఎవరికీ ఇవ్వలేరు.

కాలేజీకి వచ్చే కుర్రాడు ఖాళీ చేతులతో రాడు. హైస్కూల్లో ఊరందరికంటే బాగా కొట్టి, స్కాలర్‌షిప్ సంపాదించి, తన స్వింగ్ మీద తిరుగులేని నమ్మకంతో వస్తాడు. పైగా అతని చేతిలో ఉండేది లోహపు బ్యాట్. అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో 1974 నుంచి అల్యూమినియం బ్యాట్లకు అనుమతి ఉంది. చెక్క బ్యాట్‌తో పిడి దగ్గర బంతి తగిలితే కర్ర విరుగుతుంది, చేతులు జివ్వుమంటాయి, బంతి నాలుగడుగులు దొర్లి ఆగుతుంది. అదే తప్పు లోహపు బ్యాట్‌తో చేస్తే బంతి ఇన్‌ఫీల్డర్ల తల మీదుగా వెళ్లి పడి హిట్ అయిపోతుంది. తప్పుకు శిక్ష పడకపోతే అది తప్పని కుర్రాడికి ఎలా తెలుస్తుంది? బ్యాట్ల జోరు తగ్గించే కొత్త ప్రమాణం 2011లో వచ్చాక కాలేజీ ఆటలో బంతి కంచె దాటే హోమ్ రన్లు బాగా పడిపోయాయి. ఎవరి బలం చేతుల్లో ఉందో, ఎవరిది బ్యాట్‌లో ఉందో ఆ ఏడాది బయటపడింది.

కోచ్‌కు కలిసొచ్చే నిబంధన ఒకటుంది. నాలుగేళ్ల కాలేజీలో చేరిన ఆటగాణ్ని మూడో సంవత్సరం పూర్తయ్యేదాకా, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తీసుకోవు. అంటే ఒక చేతివాటాన్ని విప్పి మళ్లీ కట్టడానికి మూడేళ్లు దొరుకుతాయి.

గ్విన్ పద్ధతికి మూలం అతని ఆటలోనే ఉంది. అతను ఎడమచేతి వాటం. బేస్‌బాల్ స్కోరుపుస్తకంలో మూడో బేస్ ఫీల్డర్ సంఖ్య 5, షార్ట్‌స్టాప్ సంఖ్య 6. ఆ ఇద్దరి మధ్య ఖాళీని గ్విన్ ‘5.5’ అనేవాడు. బంతిని తొందరపడి ముందుకెళ్లి అందుకోకుండా దగ్గరికి రానిచ్చి, తనకు ఎదురు దిక్కున ఉన్న ఆ సందులోంచి పంపడం అతని సంతకం. దీనికి బలం కంటే ఓపిక ఎక్కువ కావాలి. ముందు భుజం తెరుచుకోకూడదు. పాదం ముందుకు పడినా చేతులు వెనకే ఆగాలి. పాదంతోపాటు చేతులు కూడా జారిపోయాయా, ఇక వంకర తిరిగే బంతికి బ్యాటర్ దొరికిపోయినట్టే.

ఇదంతా అతను సాధన చేసింది ‘టీ’ మీద. రబ్బరు గొట్టం, దాని కొసన కదలకుండా కూర్చున్న బంతి, ఎదురుగా వల. మన దగ్గర చిన్నపిల్లలకు బంతిని తాడుకు కట్టి వేలాడదీసి కొట్టమన్నట్టే ఉంటుంది చూడటానికి. కాలేజీ కుర్రాళ్లలో చాలామందికి దాన్ని చూస్తే నామోషీ. ఎనిమిది టైటిళ్లు గెలిచినవాడు రోజూ దాని ముందు నిలబడ్డాడంటే ఆ నామోషీ కొంత వదులుతుంది.

దగ్గరికి వెళ్లి చూస్తే అందులో ఉన్నది పిల్లల ఆట కాదు. టీని హోమ్ ప్లేట్ బయటి అంచుకు జరిపి, కాస్త వెనక్కి పెడతారు. ఎడమచేతి బ్యాటర్ ఆ బంతిని వలకు ఎడమ పక్కన తగిలేలా పంపాలి. చేతులు శరీరానికి దగ్గరగా, బంతికి లోపలి వైపు నుంచి వస్తే వలలో సూటిగా ఎడమకు గుచ్చుకుంటుంది. చేతులు దూరంగా చుట్టి వస్తే కుడికి లాగుకుపోతుంది. బ్యాట్ కిందికి దిగిపోతే బంతికి ముందే రబ్బరు తగిలి ‘థప్’ మంటుంది. ఆ చప్పుడే చాలు, కోచ్ నోరు విప్పక్కర్లేదు. తర్వాత టీని లోపలికి, ముందుకి జరుపుతారు. అదే బ్యాటర్, అదే స్వింగ్, కానీ బంతిని కలిసే చోటు మారుతుంది. బయటి బంతిని ఆలస్యంగా, లోపలి బంతిని ముందుగా కలవాలన్న సూత్రాన్ని మాటల్లో అర నిమిషంలో చెప్పేయొచ్చు. ఒంటికి పట్టాలంటే వేలసార్లు కొట్టాలి.

లోపలి బంతి సంగతి గ్విన్‌కే ఆలస్యంగా పట్టుబడింది. 1992లో శాన్ డియాగోలో ఆల్‌స్టార్ మ్యాచ్ జరిగినప్పుడు, ఆ ఊళ్లోనే పెరిగిన టెడ్ విలియమ్స్ అతన్ని పట్టుకుని, లోపలికి వచ్చే బంతిని మెల్లగా పంపడమేమిటి, లాగి బలంగా కొట్టమని నచ్చజెప్పాడు. 1941లో .406 కొట్టిన మనిషి మాట అది. అప్పటికే నాలుగు టైటిళ్లున్న గ్విన్ కొత్త శిష్యుడిలా విన్నాడు. 1994లో సమ్మెతో సీజన్ మధ్యలో ఆగిపోయేనాటికి అతని సగటు .394. 1997లో 37 ఏళ్ల వయసులో .372 సగటుతోపాటు 17 హోమ్ రన్లు కొట్టాడు. అతని జీవితంలో అన్ని హోమ్ రన్లు మరే ఏడాదీ లేవు. మేటి విద్యార్థి కాగలిగినవాడే మంచి గురువవుతాడని అనుకోవాలనిపిస్తుంది.

రెండో పనిముట్టు వీడియో. 1983లో ఫామ్ పోయి తంటాలు పడుతున్నప్పుడు, బయటి ఊళ్లో జరిగే మ్యాచ్‌లను ఇంట్లో వీసీఆర్‌లో రికార్డు చేయమని భార్య అలీషియాకు చెప్పాడు. ఇంటికొచ్చి చూసుకున్నాడు, తప్పు కనిపించింది. అక్కణ్నుంచి ప్రయాణాల్లోనూ వీడియో యంత్రాలు మోసుకెళ్లాడు. జట్టులో ‘కెప్టెన్ వీడియో’ అని పేరు పడింది. ఔటైనవి మాత్రమే చూసుకుని కుమిలిపోకుండా, మంచి స్వింగులను విడిగా ఏరి పెట్టుకుని చూసేవాడు. నేర్చుకునేవాడికి తన తప్పు ఎంత తెలియాలో తన ఒప్పు కూడా అంత తెలియాలన్నది ఇందులోని ఎరుక. ఫోన్‌తో ఎవరైనా వీడియో తీయగల ఈ రోజుల్లోనూ చాలా శిక్షణ శిబిరాలకు ఈ రెండో సగం పట్టడం లేదు.

ఇంతటి బ్యాటర్ దగ్గర నేర్చుకున్నవాళ్లంతా మేటి బ్యాటర్లు కావాలి కదా? కాలేదు. ఇక్కడే ఈ వృత్తి నైజం బయటపడుతుంది. టెడ్ విలియమ్స్ సంగతి చూసినా అంతే. 1969లో వాషింగ్టన్ సెనేటర్స్ మేనేజర్‌గా వచ్చి మొదటి ఏడు 86 మ్యాచ్‌లు గెలిపించాడు, బ్యాటర్లలో చాలామంది మెరుగుపడ్డారు. తర్వాత 70, 63, చివరికి 54. మరోపక్క చార్లీ లావ్ అనే క్యాచర్ ఉన్నాడు. ఆటగాడిగా అతని సగటు .255, పేరు గుర్తుంచుకోదగ్గ ఆట కాదు. కానీ అతని చేతికింద పెరిగిన జార్జ్ బ్రెట్ 1980లో .390 కొట్టాడు. సులువుగా వచ్చినవాడికి ఎలా వచ్చిందో చెప్పడం తెలియదు. కిందామీదా పడినవాడికి ప్రతి మెట్టూ గుర్తుంటుంది. గ్విన్‌కు రెండో కోవలోని ఓపిక ఉన్నా, అతని కన్ను మాత్రం మొదటి కోవది. బంతి చేతిలోంచి వదలగానే అతనికి కనిపించినది 19 ఏళ్ల కుర్రాడికి కనిపించదు. కనిపించడం లేదని కోచ్‌కు అర్థం కావడానికే కొంతకాలం పడుతుంది.

పైగా కాలేజీ ప్రధాన కోచ్‌కు బ్యాటింగ్ ఒక్కటే పని కాదు. హైస్కూల్ పిల్లల ఇళ్లకు తిరిగి జట్టులోకి రప్పించాలి. అప్పటి నిబంధనల ప్రకారం జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులే, వాటినే ముక్కలు చేసి 27 మంది దాకా పంచాలి. పరీక్షలు, హాజరు, తల్లిదండ్రుల ఫోన్లు సరేసరి. గ్విన్ 12 సీజన్లలో జట్టు 363 గెలిచి 363 ఓడింది. సరిగ్గా సగం. 2009, 2013, 2014లలో జాతీయ టోర్నీకి చేరింది. అతని శిష్యుల్లో అందరికంటే పేరు తెచ్చుకున్నది బ్యాటర్ కూడా కాదు, పిచ్చర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్. 2009 డ్రాఫ్ట్‌లో దేశం మొత్తానికి మొదటి ఎంపిక అతనే. ఈ లెక్క చూసి గ్విన్ కోచింగ్ ఓ మోస్తరేనని తేల్చేసేవారున్నారు. బ్యాటింగ్ సగటు కొలిచే కొలబద్దతో గురువును కొలిస్తే అలాగే కనిపిస్తుంది.

గ్విన్ నేర్పిన తరహా ఆట కూడా ఈలోగా వెనకబడింది. బంతిని పైకి లేపి కంచె దాటించడమే ముఖ్యం, మధ్యలో ఎన్నిసార్లు గాలిని కొట్టినా ఫర్వాలేదన్న లెక్క వచ్చింది. 2018లో మేజర్ లీగ్ చరిత్రలో తొలిసారి హిట్ల కంటే స్ట్రైక్‌ఔట్లు ఎక్కువయ్యాయి. లెక్క తప్పు కాదు, కానీ ఆట చూడటానికి చప్పబడిందన్న మాటా నిజమే.

గ్విన్ నుంచి కుర్రాళ్లకు అందినవాటిలో అతను అందించాలనుకోనిది కూడా ఒకటుంది. ప్రొఫెషనల్ ఆటలో చాలామందిలా, అతనికి పొగాకు దవడన పెట్టుకునే అలవాటు ఉండేది. మన ఊళ్లలో ఖైనీ లాంటిదే. 2010లో లాలాజల గ్రంథి క్యాన్సర్ బయటపడింది. ఆ పొగాకే కారణమని గ్విన్ స్వయంగా నమ్మాడు. టీ ముందు నిలబడే పద్ధతిని చూసి నేర్చుకునే వయసువాళ్లు దవడ కింది ఉబ్బును కూడా చూసి నేర్చుకుంటారు. 2014 వసంతంలో సెలవు పెట్టాడు. జూన్‌లో విశ్వవిద్యాలయం అతని ఒప్పందాన్ని పొడిగించింది, కొద్ది రోజులకే, 16వ తేదీన, 54 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ వారాల్లోనే అతని దగ్గర ఆడి మేజర్ లీగ్‌కు వెళ్లిన ఇద్దరు పిచ్చర్లు, స్ట్రాస్‌బర్గ్, అడిసన్ రీడ్, పొగాకు మానేస్తున్నట్టు బహిరంగంగా చెప్పారు.