హృదయ సున్నతి, సంస్కారపు బల్ల

బయటి ఆచారం పనికిరాదు, లోపలి మార్పే కావాలి, దేవుడు హృదయాన్ని చూస్తాడు. మన చర్చీల్లో ఈ ప్రసంగం వినని ఆదివారం అరుదు. దీనికి ఆమోసునీ యెషయానీ పౌలునీ సాక్షులుగా పిలుస్తుంటారు. వాళ్లు నిజంగా చెప్పింది ఇదేనా? మా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది.

ఆమోసు పశువుల కాపరి, మేడిచెట్ల పని చేసినవాడు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో యూదా నుంచి ఉత్తరాన బేతేలుకు పోయి, రాజుగారి గుడి దగ్గరే బలుల్నీ పండగల్నీ పాటల్నీ దేవుడు అసహ్యించుకుంటున్నాడన్నాడు. మరి వాటికి బదులు ఏం అడిగాడు? ధ్యానమా, కన్నీళ్ల ప్రార్థనా? ఊరి గుమ్మం దగ్గర చెప్పే తీర్పుల్లో న్యాయం అడిగాడు. దొంగ తూకాల్నీ, చెప్పుల జోడు కోసం బీదవాణ్ణి అమ్మెయ్యడాన్నీ ఎండగట్టాడు. అందుకే యాజకుడైన అమజ్యా అతన్ని దేశం విడిచి పొమ్మన్నాడు. ఒట్టి ఆత్మశుద్ధి గురించి మాట్లాడి ఉంటే అమజ్యాకు వచ్చిన నష్టమేంటి? యెషయా 58వ అధ్యాయంలో ఉపవాసం సంగతీ అంతే. కాడి విరగ్గొట్టాలి, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టాలి.

యూదు మతమంటే ఆచారం, క్రైస్తవమంటే ఆంతర్యం అని విడదీసే అలవాటు కూడా మానుకోవాలి. ఈ విమర్శ చేసిన ప్రవక్తలు యూదులే. హృదయ సున్నతి అన్న మాట ద్వితీయోపదేశకాండంలోనే ఉంది. యిర్మీయా కూడా వాడాడు. పౌలు దాన్ని అక్కణ్ణుంచే తీసుకున్నాడు. గలతీయులకు రాసిన పత్రికలో సున్నతి తగాదాకు ముందు ఒక భోజనం కథ ఉంది. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తినేవాడు. యాకోబు దగ్గర్నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు. సహపంక్తి గొడవ ఎలాంటిదో మనకి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు గదా! లోపలి విశ్వాసానికి పౌలు పెట్టిన పరీక్ష ఎవరి పక్కన కూచుని తింటున్నావన్నదే.

ఒంగోలు ప్రాంతపు మాదిగల చరిత్రను ఈ వెలుగులో చదవాలి. యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకునే నాటికే యోగ సాధన చేసినవాడు. ఆంతర్యం మిషనరీలు తెచ్చిచ్చిన సరుకేం కాదు. 1876-78 కరువులో, జనం తిండి కోసం చేరుతున్నారనే మాట రాకూడదని జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. వాళ్ల మనసు మారిందో లేదో ఎలా తెలుస్తుందని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. అగ్రకులాల భక్తిని ఇట్లా తూకం వేసినవాళ్లు మాకు కనబడలేదు.

చేరేవాళ్లకు మిషన్ పెట్టిన కట్టుబాట్లు చూడండి: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మూడూ బయటి ఆచారాలే! కానీ వెట్టి మాదిగ ఆదివారం పొలానికి రానంటే అది ఆసామికి ఎదురు చెప్పడం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి కట్టు తెంచడం. కరణాలూ ఆసాములూ కక్షగట్టింది అందుకే. అక్కడ ఆచారమే మారుమనస్సు. అయితే చచ్చిన గొడ్డును వదలమన్న నియమంలో మాదిగ తిండిని అసహ్యించుకునే చూపు కూడా ఉంది. దాన్ని విముక్తి కింద మాత్రమే లెక్కగట్టడం మాకు సమ్మతం కాదు.

రాజ్యం పద్ధతి ఇంకోటి. 1950 ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు, క్రైస్తవ దళితుల్ని మాత్రం చేర్చలేదు. బాప్తిస్మపు నీళ్లతో కులం కడుక్కుపోతుందని అంత గట్టిగా నమ్మే పాస్టరు కూడా ఉండడేమో.

ఎందుకంటే సంఘంలో కులం ఉందని పాస్టరుకు తెలుసు. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి క్రైస్తవులు అని ఎవరికి వాళ్లుగా ఉండటం, పెళ్లి సంబంధాలు కులం లోపలే వెతకడం ఆయన కళ్ల ముందే జరుగుతున్నాయి. కొరింథు సంఘంలో ఉన్నవాళ్లు ముందే తినేస్తుంటే లేనివాళ్లు ఆకలితో కూచున్నారు. అది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చేశాడు. ఆ పదకొండో అధ్యాయాన్నే మనవాళ్లు సంస్కారపు ఆదివారం చదువుతారు, అదీ రొట్టె విరిచే భాగం మాత్రమే. దానికి పైనున్న వచనాల్ని కూడా బల్ల ముందు నిలబడి చదవమని మేము అడుగుతున్నాం.