పేజీ చరిత్ర చదివే టీచర్

వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో మొదటి వికీని, అంటే చదివేవాళ్లే మార్చగలిగే వెబ్‌సైటును, ప్రోగ్రామర్ల కోసం పెట్టారు. నన్నడిగితే దాని అసలు చోటు తరగతి గది.

వికీతో పాఠం నడిపే టీచర్ పనితనం తెలియాలంటే పేజీ చరిత్ర తెరవాలి. ఎవరు ఏ వాక్యం ఎప్పుడు మార్చారో వరసగా కనబడుతుంది. పిల్లలు ఊరి చెరువు గురించి రాస్తున్నారనుకోండి. ఒకరు ‘చాలా పాతది’ అని రాస్తారు. టీచర్ దాన్ని కొట్టెయ్యరు. చర్చ పేజీలో ‘ఎలా తెలిసింది?’ అని అడిగి ఊరుకుంటారు. మర్నాడు ఇంకొకరు గట్టు మీది శాసనం ఫొటో తెచ్చి పెడతారు. వాక్యం మారుతుంది, పాతదీ చరిత్రలో భద్రంగా ఉంటుంది. ఏది చెడినా వెనక్కి తిప్పుకోవచ్చు కాబట్టి బెరుకు పిల్లలూ చెయ్యి వేస్తారు. గ్రూపు ప్రాజెక్టులో పని ఎవరిదో కూడా అక్కడే తేలిపోతుంది.

పాత పుస్తకాలను వికీలోకి ఎక్కించే తెలుగు వికీసోర్సు పద్ధతి నాకు మరీ ఇష్టం. పాత పుస్తకం పేజీని ఒకరు స్కాన్‌తో పోల్చి దిద్దితే పసుపు రంగుకు వస్తుంది. ఆకుపచ్చ కావాలంటే మరొకరు చూడాల్సిందే, ఎవరి పనిని వాళ్లే ఆమోదించుకోలేరు. ఈ పనిని పిల్లలకు జంటలుగా అప్పజెప్పే తెలుగు మాస్టారు ఒత్తులు, దీర్ఘాలు, అరసున్నల మీద వాళ్ల చూపును ఇట్టే నిలబెడతారు.