కప్ప మీద వెలుతురు

తొలకరి పడ్డ రాత్రి జడ్చర్ల చుట్టుపక్కల ఏ కుంట గట్టున నిలబడ్డా చెవులు గింగురుమంటాయి. పసుపుపచ్చగా మారి, బుగ్గల పక్కన నీలం సంచులు ఉబ్బించే పెద్ద బుల్‌ఫ్రాగ్‌ను పిల్లలు కూడా గుర్తుపడతారు. గోదురు కప్పా అంతే. చిక్కంతా వరిమళ్లలో గెంతే చిన్న కప్పలతోనే. జావా కప్పకు పెట్టిన 'లిమ్నోకారిస్' పేరునే ఏళ్ల తరబడి మనవాటికీ తగిలించారు. డీఎన్‌ఏ చూశాక అందులో ఎన్నో జాతులు కలిసిపోయి ఉన్నాయని తేలింది. మనవాటిని ఇప్పుడు మినర్వార్య అంటున్నారు. అరుపు వినకుండా వీటికి పేరు చెప్పే సాహసం నేను చెయ్యను. అరిచేది మగది. ఆడకప్ప చేతికొస్తే నాకు నోరు పెగలదు.

ఆ లోటు తీర్చగలదని నేను ఆశపడేది పరారుణ కాంతి స్కానర్ మీద. పరికరాన్ని చర్మానికి ఆనిస్తే చాలు, సుమారు 750 నుంచి 2500 నానోమీటర్ల కాంతిలో ఏది ఎంత ఇంకిందో, ఎంత తిరిగొచ్చిందో గీతగా వస్తుంది. కాలివేలి కొన కత్తిరించి డీఎన్‌ఏకి పంపడం కన్నా కప్పకు ఇదెంతో నయం. అయితే 1450, 1940 నానోమీటర్ల దగ్గర నీరు ఈ కాంతిని విపరీతంగా మింగేస్తుంది. కప్పలు బయటికొచ్చేదే వానలో కదా! చర్మం మీది తడి మిగతా ఆనవాళ్లను కప్పేస్తుంది.

పైగా గీత దానంతట అది పేరు చెప్పదు. పేరు ముందే ఖాయమైన నమూనాల గీతలతో పోల్చాలి. అమెజాన్ అడవుల్లో దగ్గరి చుట్టాలైన చెట్లను ఎండుటాకుల గీతలతో విడదీస్తూ 2013లో ఒక పరిశోధన వచ్చింది. ఆ ఆకులకు పేర్లు పెట్టిన వృక్షశాస్త్రజ్ఞులు అప్పటికే ఉన్నారు. మన ఊళ్లోనూ బూర్గుల రామకృష్ణారావు డిగ్రీ కాలేజీ ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది, మొక్కకు పేరు అడగడానికి మనుషులున్నారు. కప్పకు ఎవరిని అడగాలి? పరాయి ప్రాంతపు గీతలు నింపుకొచ్చిన పరికరం మన మడికప్పను అక్కడి దగ్గరి చుట్టం పేరుతోనే పిలుస్తుంది. జావా పేరు కథే మళ్లీ మొదలు.

ఎవరైనా స్కానర్ ఇస్తామంటే కాదనను. మొదటి వానకాలమంతా దానితో ఏ కప్పకూ పేరు అడగను. అనుమతులు తీసుకుని, అరుపు రికార్డు చేసిన మగకప్పకు ముందు గీత తీస్తాను. దాన్ని వీపునెక్కించుకున్న ఆడదానికి తర్వాత తీస్తాను, ఒళ్లు తుడిచి ఒకసారి, తడితో ఒకసారి. హడావుడిలో మగకప్పలు వేరే జాతిదాన్నీ పట్టుకుంటాయి కాబట్టి కొన్ని జంటలనైనా డీఎన్‌ఏతో సరిచూడాలి.