కోడ్‌కు బొమ్మ ఎవరు గీయాలి?

ఇతరులు రాసిన ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ కోడ్ చేతికొచ్చినప్పుడు మనల్ని వేధించేవి రెండు ప్రశ్నలు. ఏ క్లాసు దేనిమీద ఆధారపడి ఉంది? ఇలాగే ఎందుకు రాశారు? మొదటిదానికి జవాబు కోడ్‌లోనే ఉంటుంది, దాన్ని టూల్ తవ్వి తీయగలదు. రెండోదానికి జవాబు రాసినవారికే తెలుసు, వారే చెప్పాలి. ఈ తేడా గుర్తిస్తే ఏ టూల్ వాడాలన్న ఎంపిక సగం తేలినట్టే.

వివరణ కోడ్‌కు దూరమైతే త్వరగా పాతబడుతుంది. అందుకే 1984లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ లిటరేట్ ప్రోగ్రామింగ్ పేరిట రెండింటినీ ఒకేచోట రాయమన్నారు. కామెంట్లలోంచి పేజీలు తయారుచేసే పద్ధతిని జావాడాక్ వాడుకలోకి తెచ్చింది. సీ ప్లస్ ప్లస్ కోడ్‌కు 1997లో వచ్చిన డాక్సిజన్, పైథాన్‌కు స్ఫింక్స్ ఇప్పటికీ నమ్మదగినవి.

అయితే కామెంటులో సరుకుండాలి. బ్యాంకు ఖాతా క్లాసులో 'విత్‌డ్రా' అనే మెథడ్ ఉందనుకుందాం. దానిపైన 'డబ్బు తీస్తుంది' అని రాస్తే, పేరు చెప్పిందే మళ్లీ చెప్పినట్టు. 'మొత్తాన్ని పైసల్లో ఇవ్వాలి. నిల్వ చాలకపోతే ఎక్సెప్షన్ వస్తుంది, నిల్వ మాత్రం మారదు' అని రాస్తే, వాడేవారికి ఆ మెథడ్ లోపలికి తొంగిచూడాల్సిన పని ఉండదు.

డాక్సిజన్‌లో 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' అనే సెట్టింగు ఉంది. అది ఆన్‌లో ఉంటే కామెంట్లు లేని క్లాసులు కూడా పేజీల్లోకి వస్తాయి. తెలియని కోడ్‌ను అర్థం చేసుకోవడానికి ఇది బాగా అక్కరకొస్తుంది. కానీ 'ఇక్కడ వివరణ లేదు' అనే హెచ్చరికలు ఆగిపోతాయి. కోడ్ పట్టుబడ్డాక ఆ సెట్టింగును ఆపేయడమే మేలు.

బొమ్మలకూ మొదట చెప్పిన సూత్రమే: కోడ్‌లో ఉన్నదాన్ని టూల్ గీయాలి, మిగతాది మనిషి చెప్పాలి. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన గ్రాఫ్‌విజ్‌ను జతచేస్తే డాక్సిజన్ వారసత్వ చిత్రాలను తానే గీస్తుంది. పైథాన్‌లో ఆ పని పైలింట్‌తో వచ్చే పైరివర్స్ చేస్తుంది. ప్రాజెక్టు మొత్తాన్నీ ఒకే బొమ్మలో పెడితే మిగిలేది సాలెగూడే. ఒక్కో మాడ్యూల్‌కు విడిగా, లోతుకు హద్దుపెట్టి గీయించాలి.

ఒక ఆర్డరు వచ్చాక ఏ ఆబ్జెక్టు ముందు దేన్ని పిలుస్తుందో చూపే సీక్వెన్స్ చిత్రంలో, ఏది ముఖ్యమో మనిషే ఏరాలి. దానికి ప్లాంట్‌యూఎంఎల్, మెర్మెయిడ్ సరిపోతాయి. వీటిలో బొమ్మను అక్షరాల్లో రాస్తాం కాబట్టి అది గిట్‌లో కోడ్ పక్కనే ఉంటుంది. ఏ గీత మారిందో రివ్యూలో కనిపిస్తుంది. గిట్‌హబ్ 2022 నుంచి మెర్మెయిడ్‌ను నేరుగా చూపిస్తోంది. కానీ చేత్తో రాసిన బొమ్మ తనంతట తాను మారదు. అందుకే అలాంటివి కొన్నే ఉండాలి.

టూల్ ఎంచుకునేటప్పుడు హంగులు చూడకండి. ప్రతి బిల్డ్‌లోనూ అది నడుస్తుందా, వివరణ లేకపోతే నిలదీస్తుందా అన్నది చూడండి. కోడ్ మార్చిన కమిట్‌లోనే వివరణ కూడా మారే అలవాటు జట్టుకు పడితే, కొత్తగా చేరినవారు ఆ పేజీలను నమ్మి పని మొదలుపెట్టగలరు.