అన్నం మానేస్తే ఖర్చెంత?

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధరలు దినపత్రికల జిల్లా పేజీలో ఓ మూలన చిన్న పట్టికగా వస్తుంటాయి. కొత్తకొబ్బరి క్వింటా ఇంత, కురిడీ కొబ్బరి పాతవి గండేరా వెయ్యికి ఇంత, గటగట ఇంత, నీటికాయలో ముక్కుడు కాయ ఇంత, పచ్చికాయ ఇంత, అన్నిటికీ అడుగున కొబ్బరి నూనె పదిహేను కిలోల ధర, కిలో ధర. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నాలుగు చెట్లున్న ప్రతి ఇంటివాళ్లూ ఆ పట్టికను రాబడి కోసం చూస్తారు. 2017, 2018 ప్రాంతంలో కొందరు దాని ఆఖరి వరుసను ఖర్చు కింద చూడడం మొదలుపెట్టారు. పొద్దున్నే కాఫీకి బదులు నూనె తాగాలంటే నెలకు ఎంతవుతుందని లెక్కలు కట్టారు.

ఆ లెక్కలు మొదలుపెట్టించినది వీరమాచనేని రామకృష్ణ. ఆయన వైద్యుడు కారు. ఊరూరా సభలు పెట్టి, టీవీల్లో, యూట్యూబ్‌లో మాట్లాడి, బియ్యం, గోధుమ, పంచదార మానేసి కొవ్వు తినండని తెలుగు రాష్ట్రాలంతటా చెప్పారు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. ఈ నాలుగు మాటలూ ఆ రోజుల్లో ఆర్టీసీ బస్సులో పక్క సీటువాళ్లు కూడా అప్పజెప్పేవారు. షుగర్ మాత్రలు వదిలేశామని కొందరు సంబరపడ్డారు. వైద్యులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వాదన ఎక్కువగా మంచిదా చెడ్డదా అన్న దగ్గరే తిరిగింది. రోజుకూలీ ఇంట్లో ఇది ఎన్నాళ్లు సాగుతుందన్న ప్రశ్న అంత గట్టిగా వినపడలేదు. ఈ కాలమిస్టుకు మాత్రం అదే అసలు ప్రశ్న.

శాస్త్రం కొత్తది కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం ఈ ఆహారాన్ని ప్రతిపాదించి, కీటోజెనిక్ అని పేరు పెట్టాడు. పిండిపదార్థం బాగా తగ్గితే కాలేయం కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది, మెదడు వాటితో నడుస్తుంది. సాధారణంగా రోజుకు 50 గ్రాముల లోపు పిండిపదార్థమైతేనే అది కుదురుతుంది. వంద గ్రాముల వండిన అన్నంలోనే దాదాపు 28 గ్రాములు ఉంటుంది. అంటే రెండు గరిటెలు వడ్డించేసరికి రోజు వాటా అయిపోయినట్టే.

1971లో పీటర్ హటెన్‌లోకర్ మీడియం చైన్ కొవ్వులతో ఇదే ఆహారానికి ఇంకో రూపం తెచ్చాడు. ఆ కొవ్వులు తొందరగా కీటోన్లుగా మారతాయి. కొబ్బరి నూనెకు వచ్చిన పేరులో చాలా భాగం అక్కడినుంచి అరువు తెచ్చుకున్నదే. మామూలు కొబ్బరి నూనెలో అంత చురుగ్గా మారే కొవ్వులు సుమారు 15 శాతమే. దాదాపు సగం లారిక్ ఆమ్లం, అది వాటంత చురుగ్గా కీటోన్లనివ్వదు. కాబట్టి గానుగ కొబ్బరి నూనెను మందులా చూడనక్కర్లేదు. అది నూనె, గ్రాముకు తొమ్మిది కేలరీలు.

కోనసీమలో ఆ నూనె వంటది కూడా కాదు. ఇక్కడ కూరలు పప్పునూనెతోనో, వేరుశనగ నూనెతోనో, ఇప్పుడైతే పామాయిల్‌తోనో చేస్తారు. కొబ్బరి నూనె తలకు. కేరళవాళ్లు దాంతో చేప వేయిస్తారంటే ఆశ్చర్యపోయే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. కాయ దింపి, వలిచి, ఎండబెట్టి అమ్ముకోవడమే ఇక్కడి అలవాటు.

అందుకే “చెట్టు పెరట్లోనే ఉంది కదండీ, ఖర్చేముంది” అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఒక కాయకు సుమారు 150 గ్రాముల ఎండుకొబ్బరి వస్తుందనుకుంటే, అందులో నూనె అరవై శాతానికి కొంచెం పైన, అంటే కాయకు తొంభై గ్రాములు దాటి. రోజుకు 70 గ్రాములు తాగే మనిషి నెలకు ఇరవై రెండు, ఇరవై మూడు కాయల నూనె తాగుతాడు, ఏడాదికి రెండొందల డెబ్బై పైచిలుకు. ఏటా ఎనభై, తొంభై కాయలు కాసే చెట్లయితే మూడు చెట్ల ఫలసాయం. తెల్లదోమ తగిలిన తోటైతే ఇంకా ఎక్కువ చెట్లు కావాలి. 2025లో మిల్లింగ్ కొబ్బరికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాకు 11,582 రూపాయలు, బహిరంగ మార్కెట్ ఆ ఏడాది దాన్ని ఎంతో దూరం దాటిపోయింది. కేరళలో లీటరు నూనె నాలుగొందలు దాటి అమ్మారు. కాయకు ధర పలికినప్పుడు పిల్లల ఫీజులు కట్టుకునే కుటుంబం ఆ మూడు చెట్ల కాయల్నీ గానుగకు తోలదు, తోలకూడదు కూడా.

ఖర్చు నూనెతోనూ ఆగదు. అసలు దెబ్బ బియ్యం దగ్గర ఉంది. జాతీయ ఆహార భద్రత చట్టం కిందున్న కార్డులకు 2023 జనవరి నుంచి మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం ఉచితం. రోజుకు 167 గ్రాములన్నమాట, దాదాపు 580 కేలరీలు, పైసా ఖర్చు లేకుండా. ఆ కేలరీలను నూనెతో పూడ్చాలంటే 64 గ్రాములు కావాలి. కిలో నాలుగొందల చొప్పున చూసినా రోజుకు పాతిక రూపాయల పైన, నెలకు ఏడొందల డెబ్బై దాకా, ఒక్క మనిషికి. నూనెలో మాంసకృత్తులు సున్నా కాబట్టి అవి వేరే కొనాలి.

బరువు తగ్గాలనుకునే ఒక మనిషికి వీలైనంత చవగ్గా ఒక రోజు తిండి రాసి చూద్దాం. ఐదు కోడిగుడ్లు, రెండొందల గ్రాముల శీలావతి చేప, వంద గ్రాముల పచ్చికొబ్బరి, మూడు చెంచాల నూనె, తోటకూర, ఆనపకాయ. మాంసకృత్తులు అరవై అయిదు గ్రాముల పైన, కొవ్వు వంద దాకా, కేలరీలు సుమారు పదమూడొందలు. గుడ్లు ముప్పై అయిదు రూపాయలు, చేప నలభై, మిగతావన్నీ కలిపి ఇంకో నలభై అయిదు అనుకుంటే రోజుకు నూట ఇరవై. ఇంట్లో నలుగురూ అలాగే తింటే నాలుగొందల ఎనభై. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజుకూలీ 307 రూపాయలు. పని దొరికిన రోజున వచ్చే కూలి మొత్తం పోసినా ఆ ఒక్క రోజు తిండికే చాలదు.

దీన్నిబట్టి తేలేది ఒకటే. కోనసీమ పేదింట్లో పూర్తి కీటో నిలవకపోతే ఆ తప్పు మనిషి పట్టుదలది కాదు. ఊరికే వచ్చే ఒక్క తిండినీ మానేసి, కొనాల్సినవన్నీ తినమని చెప్పే పద్ధతి అది. ఆపేసినవాళ్లను “నోరు కట్టుకోలేకపోయారు” అనడం అన్యాయం.

ఇంకో సంగతి డబ్బుతో కొలిచేది కాదు. ఇది డొక్కా సీతమ్మ గారి నేల. 1841 నుంచి 1909 దాకా బతికిన ఆ తల్లి లంకల గన్నవరంలో వచ్చినవాళ్లందరికీ వేళాపాళా చూడకుండా అన్నం పెట్టింది. గోదావరి పాయ మీద గన్నవరం అక్విడక్టుకూ ఆమె పేరే, ఇప్పుడు రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే. అన్నం పెట్టడంలోనే మర్యాద చూసుకునే ఊళ్లలో, విస్తరి ముందు కూర్చుని కూర మాత్రమే వేయించుకునే చుట్టాన్ని చూస్తే ఇంటావిడ మొహం చిన్నబోతుంది. “అన్నం ముట్టకుండా లేస్తారేంటండీ, మావల్ల ఏమైనా తక్కువైందా?” అని అడుగుతుంది. షుగర్ అని చెప్పాలి. చెప్పాక “పోనీ పెరుగన్నం ఒక్క ముద్ద” అంటుంది. పండక్కి ఆత్రేయపురం పూతరేకులు వస్తాయి, 2023లో భౌగోళిక గుర్తింపు కూడా పొందినవి. బియ్యప్పిండి పొర, బెల్లం, నెయ్యి. కీటో ప్రకారం ఆ మూడింట్లో ఒక్క నెయ్యికే అనుమతి.

అయినా తక్కువ డబ్బుతో అన్నం బాగా తగ్గించి తినేవాళ్లకు ఈ నేల కొన్ని మంచి దారులు చూపిస్తుంది. అవి ఖరీదైన దుకాణాల్లో లేవు. చికెన్ కొట్టు దగ్గర స్కిన్‌లెస్ కంటే స్కిన్ ధర తక్కువ, ఈ తిండికి కావలసింది ఆ చర్మంతో ఉన్నదే. కార్జం, కందనకాయలు ఇంకా చవక. ఇగురు చేసేటప్పుడు ముక్క మూకుట్లో పడి తన కొవ్వు తానే వదిలేదాకా సన్న సెగ మీద ఉంచితే వేరే నూనె చెంచాడు చాలు. చేపల బజారులో పొద్దెక్కాక ధర దిగుతుంది. పులస, చీరమీను ఊసు వదిలేసి శీలావతి, బొచ్చె, చిన్న పరిగెలు చూసుకోవాలి. పెద్ద చేపలు కోసిన చోట తలకాయలు తక్కువకిస్తారు, పులుసు పెడితే ఇద్దరికి సరిపోతాయి. అంతర్వేది, ఓడలరేవు తీరం నుంచి వచ్చే ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు గుప్పెడు వేస్తే ఆనపకాయ కూరకైనా చింతచిగురుకైనా కండ పడుతుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లు గోరువెచ్చటి నీళ్లలో రెండుమూడు సార్లు కడిగి వండుకోవాలి.

శాకాహారులకు దారి ఇరుకు. పనీర్ ఖరీదు, పప్పుల్లో పిండిపదార్థం ఎక్కువ, కంద, అరటికాయ అసలు కుదరవు. మోరి జీడిపప్పు పక్క ఊరిదే అయినా వంద గ్రాముల్లో ముప్పై గ్రాములు పిండిపదార్థం, పైగా ధర. ఆదుకునేది వేరుశనగ. వంద గ్రాముల్లో ఇరవై ఆరు గ్రాముల మాంసకృత్తులు, నలభై తొమ్మిది గ్రాముల కొవ్వు, పీచు తీసేస్తే ఎనిమిది గ్రాముల పిండిపదార్థం. ఆ ధరకు ఇంత బలమిచ్చే గింజ ఇంకొకటి దొరకడం కష్టం. కార్తీకమాసంలో నీసు మానే ఇళ్లు కూడా ఆ నెల పల్లీలు, కొబ్బరి, పెరుగు మీద నెట్టుకురావచ్చు.

ఒక్కటి మాత్రం డబ్బుకంటే ముందు చూసుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా హఠాత్తుగా అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లకు ఇంకో ముప్పు, రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్. ఆ మాత్రల విషయంలో అమెరికా ఎఫ్‌డీఏ 2015 మేలోనే హెచ్చరించింది. పరీక్షలో షుగర్ అంత ఎక్కువగా కనపడకపోయినా అది రావచ్చు, అందుకే ఆసుపత్రిలో కూడా ఆలస్యంగా పట్టుబడుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. సభలో విన్నది, ఫోన్‌లో చూసింది పట్టుకుని మాత్రలు మానేయడం ఈ కథలో అన్నిటికంటే ఖరీదైన పని. ఒక్కసారి ఐసీయూలో పడితే ఎన్నేళ్ల పొదుపైనా ఊడ్చుకుపోతుంది.

అయితే అన్నం మానకపోతే దారే లేదా? ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. భారతీయులు తమ కేలరీల్లో 62 శాతం దాకా పిండిపదార్థాల నుంచే తెచ్చుకుంటున్నారని అది తేల్చింది. 18,090 మంది సమాచారంతో 2022లో వెలువడిన పత్రం ఇంకా ముఖ్యమైంది. కొత్తగా షుగర్ బయటపడినవాళ్లు ఆ వాటాను 49 నుంచి 54 శాతానికి దించి, మాంసకృత్తులను 19, 20 శాతానికి పెంచితే జబ్బు వెనక్కి తగ్గే అవకాశం ఉందని ఆ లెక్క చెప్పింది. యాభై శాతం ఎక్కడ, కీటో అడిగే అయిదు, పది శాతం ఎక్కడ! రేషన్ బియ్యం పారేయకుండానే చేరగల గమ్యం ఇది.

బియ్యం గురించీ ఒక మాట చెప్పాలి. వశిష్ఠకు అవతల మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన ఎంటీయూ 7029, ఊళ్లో అందరూ స్వర్ణ అనే వంగడం, దశాబ్దాలపాటు గోదావరి డెల్టాను ఏలింది. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియాకు చెందిన సీఎస్ఐఆర్ఓ కలిసి 235 వరి రకాల గ్లైసీమిక్ ఇండెక్స్ పరిశీలిస్తే 48 నుంచి 92 దాకా తేడాలు కనిపించాయి. తక్కువ వైపున నిలిచిన వాటిలో స్వర్ణ ఒకటి. అలాగని కంచం నిండా పెట్టుకోమని కాదు. సన్నబియ్యం మోజులో స్వర్ణను చిన్నచూపు చూడనక్కర్లేదు, అంతే.

కంచంలో అన్నం సగానికి తగ్గించి, మనిషికి రెండు గుడ్లు, ముప్పై గ్రాముల వేరుశనగలు, ఒక ఆకుకూర, అర చిప్ప కొబ్బరి కలిపితే రోజుకు అదనంగా పడేది ముప్పై అయిదు, నలభై రూపాయలు. కిలోలు త్వరత్వరగా దిగిపోవు, కీటోన్లూ కనపడవు. మెట్‌ఫార్మిన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, దాన్ని మానక్కర్లేదు. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుంటే పద్ధతి పనిచేస్తోందో లేదో ఆ అంకే చెబుతుంది. నలుగురికీ ఒకే కూర సరిపోతుంది కాబట్టి ఇంటావిడ రెండు రకాల వంట చేయాల్సిన పని కూడా ఉండదు, ఆమె కంచంలోనూ ఆ రెండు గుడ్లూ పడతాయి.