ఆర్థరు రాజవిద్య: ఒక పాఠవిచారము

రాజు బాలుఁడు, రాజ్యము బలహీనము. ఈ రెండును ఒకచోట కూడినప్పుడు కథకునకు ఒక చిక్కు తప్పదు. బాలుఁడు పాలనమును నేర్చువఱకు రాజ్యము నిలుచునా? నిలుపుటకై నేర్వకమునుపే పాలింపవలెనా? కాళిదాసు రఘువంశము పదునెనిమిదవ సర్గమున ఈ చిక్కును ఎదుర్కొని చులకనగా దాఁటిపోయెను. వేఁటలో సింహమువలన తండ్రి మరణింపఁగా సుదర్శనుఁడు ఆఱేండ్ల ప్రాయమున సింహాసన మెక్కెను. వాని పాదములు బంగారు పీఠమును అందవు. అయినను రాజుల కిరీటములు వానికి వంగును. విద్యల మాటయో? పూర్వజన్మమున కడముట్ట చూచినవానిని మఱల జ్ఞప్తికి తెచ్చుకొనువానివలె, గురువులకు శ్రమ లేకుండ గ్రహించెను. సూర్యవంశపు ఱేనికి ఇది చెల్లును. గురువులకు శ్రమ కలిగించు బాలరాజును చూడఁగోరువారు వేఱుచోట వెదకవలసియున్నది.

ఆంగ్లభాషలో అట్టి రాజును సృజించినవాఁడు టి. హెచ్. వైట్. ఇతఁడు 1906లో బొంబాయిలో జనించెను. స్టో అను పాఠశాలలో కొన్ని సంవత్సరములు ఉపాధ్యాయుఁడుగా నుండి, 1936లో ఆ కొలువు విడిచి, 1938లో ‘ది స్వోర్డ్ ఇన్ ది స్టోన్’ అనఁగా ‘శిలలోని ఖడ్గము’ అను వచనకథను ప్రకటించెను. బడిపంతులు వ్రాసిన పుస్తకమని తెలియనివారికిని చదివినంతనే తెలియును. శిష్యుని తెలివికన్న వాని అలసటను ఎక్కువగా గమనించిన కన్ను అందు అడుగడుగునను కనఁబడుచున్నది.

మూలకథ చాల ప్రాఁతది. పండ్రెండవ శతాబ్దమున మాన్మత్ జెఫ్రీ లాటినుభాషలో రచించిన బ్రిటనురాజుల చరిత్రమున ఆర్థరు పదునైదేండ్లవాఁడై కిరీటము ధరించును. సర్ థామస్ మాలరీ ఆంగ్లవచనమున కూర్చిన గ్రంథమును 1485లో కాక్స్‌టన్ అచ్చొత్తించెను; దాని వ్రాఁతప్రతి 1934లో విన్‌చెస్టరు కళాశాలలో బయల్పడుటయు, దాని నాధారముగా గొని వినావరు 1947లో పరిష్కృతముద్రణమును వెలువరించుటయు పాఠపరిశోధకు లెఱిఁగినవే. మాలరీయందు బాలుని చదువునుగూర్చి చెప్పుకొనఁదగిన ముచ్చట లేదు. పుట్టిన శిశువును మెర్లిన్ అను మంత్రవేత్త ఎక్టరు ఇంట పెంప నిచ్చును. పెంపుడన్నయగు కే కొఱకు కత్తి తేఁబోయి, బాలుఁడు శిలలోని ఖడ్గమును ఊడఁబెఱుకును. మీసము మొలవని పసివాఁడు, కులమెట్టిదో తెలియనివాఁడు తమ్మేలుటయా యని ప్రభువులు ఈసడింతురు. పండుగ పండుగకును పరీక్ష జరుపుదురు. కడకు ప్రజలు కేకలు వేసి పట్టము కట్టింతురు. పిదప పదునొకండుగురు రాజులు తిరుగఁబడుదురు. రాజ్యము దుర్బలమనుట నిజము. రాజు నేర్చుకొనుట మాత్రము కానరాదు. మాలరీ మెర్లిన్ మంత్రియే కాని గురువు కాఁడు.

వైటు ఈ ఖాళీనే పట్టుకొనెను. ఉయ్యాలకును ఖడ్గమునకును నడుమ మూలము విడిచిన సంవత్సరములను అతఁడు చదువుతో నింపెను. రాజ్యమునకు ‘గ్రామరీ’ యని పేరు పెట్టెను. ఈ శబ్దమునకు మంత్రవిద్య యని యర్థము; వ్యాకరణవాచకమగు గ్రామరు శబ్దమునకు ఇది తోఁబుట్టువు. మన వైయాకరణులు దీనిని విని సంతసింపవచ్చును. ఆ రాజ్యము మధ్యయుగపు ఇంగ్లండువలె నుండును, కాని ఎన్నఁడును ఉన్నది కాదు. అచట చరిత్రలోని రాజులు కట్టుకథలుగాను, కట్టుకథలోని రాజు చరిత్రగాను చెల్లుదురు.

ఆ చదువు ఎట్టిది? పంచతంత్రమున అమరశక్తి కుమారులకు విష్ణుశర్మ నేర్పిన విధమును మనము చిన్నయసూరి నీతిచంద్రికతోపాటు బడులలో చెప్పుచునే యున్నాము. అచట జంతువులు మనుష్యులవలె మాటలాడును, రాజపుత్రులు కూర్చుండి విందురు. వైటు కథలో వార్టు అను ముద్దుపేరుగల బాలుఁడు తానే జంతువగును. అగడ్తనీటిలో చేఁప యగును. ఆ నీటికి ఏలికయైన ముసలి పైకుమత్స్యము, బలము తప్ప లోకమున వేఱొకటి లేదని చెప్పి వానిని మ్రింగఁజూచును. డేగలశాలలో డేగ యగును. అచట సైనికుల క్రమశిక్షణయు, దాని వెనుక నున్న ఉన్మాదమును ఒక్క రాత్రి చవిచూచును. పిట్టకథ చెప్పి దాని వెంట నీతిపద్యము చదువు ఆచారము ఇందు లేదు. భయము కలిగినది, తప్పించుకొనెను, మఱునాఁడు ఆఁకలితో భోజనమునకు పోయెను. అంతే పాఠము. ప్రథమముద్రణపు బలము ఇదియే యని నా తలంపు.

ఇఁక ప్రస్తుతవిషయము. ఈ గ్రంథమునకు రెండు పాఠములున్నవి. 1938 నాఁటి ముద్రణమొకటి. 1958లో నాలుగు భాగములను కూర్చి ‘ది వన్స్ అండ్ ఫ్యూచర్ కింగ్’ అను పేర వెలువరించిన దానియందు ప్రథమభాగముగా సవరించి చేర్చినది రెండవది. మదాం మిమ్ అను మంత్రగత్తెతోడి ద్వంద్వము, పాము చెప్పిన పాఠము, మఱికొన్ని వినోదఘట్టములు రెండవదానియందు లేవు. మాఱుగా చీమల పుట్టయు, అడవిహంసల యాత్రయు వచ్చి చేరినవి. ఇవి యెక్కడివి? యుద్ధకాలమున వైటు ఐర్లండునందుండి ‘ది బుక్ ఆఫ్ మెర్లిన్’ అను ఐదవభాగమును వ్రాసి 1941లో ప్రకాశకులకు పంపెను. వారు దానిని అచ్చు వేయలేదు. అందు వృద్ధుఁడైన ఆర్థరు తుదిపోరునకు ముందటి రాత్రి గుడారమున కూర్చుండఁగా మెర్లిన్ తిరిగివచ్చి వానిని చీమల నడుమకును హంసల నడుమకును పంపును. ఆ ఘట్టములనే వైటు పెఱికి తెచ్చి బాల్యమున నాఁటెను. అతఁడు 1964లో మరణించెను. ఐదవభాగము 1977లో టెక్సాసు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారిచే ప్రకటింపఁబడెను. కావున నేఁడు రెండింటిని చదువువానికి ఒకే పుట్ట రెండుమాఱులు ఎదురగును.

ముసలిరాజునకు చెప్పిన పాఠమును పసివానికి చెప్పుట తగునా? ఇది పాఠభేదపు లెక్క మాత్రమే కాదు. ఆర్థరు ఎప్పుడు, దేనివలన రాజయ్యెనన్న ప్రశ్నకు సమాధానము దీనిపై ఆధారపడియున్నది.

చీమల ఘట్టమును చూడుఁడు. ఆ పుట్టలో మంచిచెడ్డలకు మాటలు లేవు. అయినది, కానిది అను రెండే మాటలున్నవి. చెవులలో ఎడతెగక ఆజ్ఞలు మ్రోగుచుండును. పొరుగుపుట్టపై దండెత్తుటకు పరస్పరవిరుద్ధములగు కారణములు వల్లింపఁబడును. ఇరువదవ శతాబ్దపు నిరంకుశరాజ్యములమీఁది అధిక్షేపముగా దీనికి సాటి తక్కువ. కాని ఇందు బాలుఁడెక్కడ? చూచునది వాఁడు, నవ్వునది, వెగటు పడునది గ్రంథకర్త. శిష్యుని తలమీఁదుగా గురువు సభవారితో మాటలాడినట్లున్నది. చేఁపయైనప్పటి వార్టు మన కంటికి పసివాఁడే; చీమయైనప్పటి వార్టు ఎవఁడైనను కావచ్చును.

అంతకన్న పెద్ద నష్టము రెండవభాగమున కలిగినది. పట్టము కట్టుకొన్న ఆర్థరు తొలిపోరు గెలిచి కోటబురుజుపై మెర్లినుతో నిలిచి, ఎంత చక్కని యుద్ధమని మురియును. ఎందఱు చచ్చిరని గురువు అడుగును. రాజునకు జ్ఞప్తి లేదు. తడవుకొని, ఏడువందలకు పైఁబడి కాలిబంట్లు చచ్చిరనియు, దొరలలో గుఱ్ఱముపైనుండి పడి కాలు విఱిగినవాఁడు తప్ప ఎవరికిని గాయము లేదనియు చెప్పును. ఆ బురుజుమీఁదనే అతని చేతిక్రింద ఒక వదులు ఱాయి యున్నది. క్రింద మనుష్యులు చీమలంతలై తిరుగుచున్నారు. ఱాయి జాఱవిడిచినచో అడుగువాఁడు లేఁడు, నీవు రాజవు కదా యని మెర్లిన్ అనును. ఆర్థరు విడువఁడు. ఈ గ్రంథమున రాజవిద్య మొదలైనది ఇచటనే యని నేను తలంచుచున్నాను. ఇంతవఱకు జంతువులచే బెదరింపఁబడినవాఁడు ఇప్పుడు తానే పైకుమత్స్యమైయున్నాఁడు. ఆ యెఱుకను గురువు నోట చెప్పఁడు. ఱాయిని మాత్రము చూపును. సమాధానమడిగిన శిష్యునకు, ఆలోచన నీదేయని నిరాకరించును. కొన్నాళ్లకు శిష్యుఁడే, బలము ధర్మము కాదు, బలమును ధర్మమునకై వినియోగింపవలెనని తడబడుచు చెప్పఁగా, మెర్లిన్ తన పని ముగిసినదన్నట్లు, జీవితఫలమును చూచిన వృద్ధుఁడు దేవునికి చెప్పు సెలవుప్రార్థనను ఎత్తుకొనును.

ఇంతటి ఘట్టము ఫలింపవలెనన్నచో ఆర్థరునకు ఆ క్షణమువఱకు యుద్ధము ఆటగా తోఁచవలెను. చీమల పుట్టను కన్నులార చూచి, పోరు మొదలగుటకు ముందు గురువుచే బయటకు లాగఁబడిన బాలుఁడు, ఏడువందల శవములను మఱచి ఎట్లు మురియఁగలఁడు? బాలురు మఱతురని సమర్థింపవచ్చును. మఱతురు, నిజమే. కాని కవి ఆ మఱపును చూపవలెను కదా! ఇందు మఱచినవాఁడు కవియే.

హంసల మాట వేఱు. మానససరస్సునకు పోవు మన కవుల హంస ఈ జాతిపక్షియే యని కొందఱు పక్షిశాస్త్రజ్ఞుల మతము. అందుచే ఈ పేరు వాడితిని. ఆ గుంపులో కావలి కాయుచున్న లియోలియోక్ అను హంసను, మీలో మీరు పోరాడుకొనరా యని వార్టు అడుగును. ఆమె మొదట ప్రశ్నయే తెలియదు, తెలిసినపిమ్మట కంపరము పుట్టును. తనకు మాత్రము పోరాటమిష్టమే, అది వీరలక్షణమని వాఁడనఁగా, నీవు పసివాఁడవగుటచేతనని ఆమె పలుకును. ఈ పాఠము బాలుని బాలునిగానే విడిచినది. వాఁడు మాఱలేదు, బురుజుపై మురిసినది ఈ వార్టే. ఇది ఇంతటితో పోలేదు. నాలుగవభాగపు తుదిని, తెల్లవాఱిన కొడుకుతో పోరనఁగా, వృద్ధరాజు ఆ హంసను తలంచుకొనును. ఆకాశమునుండి చూచినవానికి సరిహద్దులు భూమిపై లేవు, గీచుకొన్నవారి మనస్సులలోనే యున్నవని అతనికప్పుడు తోఁచును. హంసలను బాల్యమున చేర్పకున్నచో ఈ స్మరణ కుదరదు. కావున వైటు చేసిన మార్పునందు సగము ఒప్పు, సగము తప్పు. బ్యాడ్జరు అను బొరియజంతువు తన యధ్యాయపు తుదిని, చీమలా హంసలా నీకు నచ్చినవి యని బాలు నడుగును. ఈ ప్రశ్న అదుకు కనఁబడకుండ వేసిన కుట్టు. సమాధానము మాత్రము అచ్చు కాలేదు.

బురుజుమీఁది లెక్కకు బీజము మాలరీలోనే యున్నదని నా యూహ. బెడిగ్రేను పోరున, పెద్ద నల్లగుఱ్ఱమెక్కి మెర్లిన్ వచ్చి, 60,000 మందిలో 15,000 మందినే బ్రతుకనిచ్చితివి, ఇఁక చాలింపుమని ఆర్థరును మందలించును. అచట ఆ లెక్క దైవకోపమునకు సంబంధించినది: ఇంకను చంపినచో అదృష్టము తిరుగునని హెచ్చరిక. వైటు ఆ లెక్కను గురుశిష్యుల నడుమ పరీక్షగా మార్చెను. అతని బెడిగ్రేనున ఆర్థరు చీఁకటిలో దాడిచేసి, కాలిబంట్లను విడిచి, ఆటగా యుద్ధము చేయు దొరలమీఁదికే పోవును. నేర్చినదానిని రాజు వెంటనే ఆచరణమునందు పెట్టెను.

ఇంత నేర్పిన గురువు ఒక్కటి చెప్పుట మఱచెను. మెర్లిన్ కాలమున వెనుకకు నడచువాఁడు. జరుగఁబోవునది వానికి జరిగినది, అందుచే ఏది చెప్పితినో ఏది చెప్పలేదో వానికి కలఁత. ఆర్థరునకు తల్లి పేరు చెప్పుట అట్లు తప్పిపోయెను. లాటురాజు భార్య మోర్గాజు తన తల్లి కూఁతురని యెఱుఁగక ఆర్థరు ఆమెను చేరును, మోర్డ్రెడ్ పుట్టును, రాజ్యమును కూల్చువాఁడు వాఁడే. మాలరీయందు ఇది విధి. వైటు దీనిని ఉపాధ్యాయుని పొరపాటుగా మార్చి, రెండవభాగపు కడపుటలో వంశవృక్షమును గీచి చూపెను. రాజధర్మమంతయు తెలిసిన బాలునకు తన యింటి వంశావళి తెలియదు. సుదర్శనుని గురువులకు ఈ భయము లేదు. రఘువంశమున ఎవరు ఎవరి కుమారుఁడో మొదటి సర్గమునుండి అందఱికిని తెలియును.